ఊరి పేరు ఒక్కటి దొరికితే చాలు: ఐరిష్ వలస కుటుంబాల మూలాలు వెతకడం ఎందుకంత కష్టం

1892 జనవరి 1న న్యూయార్క్ రేవులో ఎల్లిస్ ఐలాండ్ వలస కేంద్రం తెరిచారు. మొదట లోపల అడుగు పెట్టింది ఐర్లాండ్‌లోని కార్క్ కౌంటీ నుంచి నెవాడా అనే ఓడలో ఇద్దరు తమ్ముళ్లతో వచ్చిన ఆనీ మూర్. వయసు 17. అధికారులు ఆ పిల్ల చేతిలో 10 డాలర్ల బంగారు నాణెం పెట్టారు. తర్వాతి కాలంలో ఆమెకి అమెరికాలో ఒకటి, ఐర్లాండ్‌లో ఒకటి విగ్రహాలు వెలిశాయి. ఇంత పేరున్న మనిషి ఆ తర్వాత ఏమైందో అందరికీ తెలుసనే అనుకున్నారు. పడమటి వైపు వెళ్లి టెక్సస్‌లో స్థిరపడిందని, అక్కడే పోయిందని చెప్పుకున్నారు. ఆ టెక్సస్ ఆవిడ వారసులని వేడుకలకి పిలిచి గౌరవించారు కూడా.

2006లో ఒక వంశచరిత్ర పరిశోధకురాలు పాత కాగితాలు తిరగేస్తే అసలు సంగతి బయటపడింది. టెక్సస్ ఆనీ మూర్ ఐర్లాండ్‌లో పుట్టనే లేదు. ఆవిడ పుట్టింది అమెరికాలోనే, ఇల్లినాయ్ రాష్ట్రంలో. ఓడ దిగిన ఆనీ న్యూయార్క్ వదిలి ఎక్కడికీ పోలేదు. మాన్‌హాటన్ దిగువన పేదల వాడలో కాపురం చేసి, బోలెడంత మంది పిల్లల్ని కని, 1924లో కన్నుమూసింది. క్వీన్స్‌లోని కాల్వరీ శ్మశానంలో ఆమె సమాధి మీద 2008 దాకా పేరు చెక్కిన రాయి కూడా లేదు.

పేరు, ఊరు, ఓడ, తేదీ అన్నీ తెలిసిన మనిషి విషయంలోనే ఇంత పొరపాటు జరిగింది. ఇక 1847లో ఆకలికి తట్టుకోలేక ఊరు వదిలిన, సంతకం పెట్టడం రాని, ఇంగ్లీషు కూడా సరిగా రాని మనిషి జాడ ఎలా పట్టుకుంటారు?

ఈ ప్రశ్న మళ్లీ చర్చకి రావడానికి ఒక కారణం 1926 జనగణన. బ్రిటన్ పాలన నుంచి బయటపడి ఐరిష్ ఫ్రీ స్టేట్ అనే కొత్త దేశం ఏర్పడ్డాక ప్రజలని మొదటిసారి లెక్కపెట్టింది ఆ ఏడాది ఏప్రిల్ 18న. ఆ పత్రాలకి ఉన్న వందేళ్ల గోప్యత గడువు 2026 ఏప్రిల్ వరకే. దాంతో 'ఇక మా వాళ్ల ఊరు దొరికినట్టే' అని అమెరికాలో, ఆస్ట్రేలియాలో చాలామంది సంబరపడ్డారు. వాళ్ల వాళ్లు 1926లో ఐర్లాండ్‌లోనే ఉండి ఉంటే దొరికినట్టే. కరువు కాలంలో ఓడెక్కిన వాళ్లు మాత్రం అందులో ఉండరు. అక్కడే ఉండిపోయిన అన్నదమ్ముల మనవలు, మనవరాళ్లు ఉండొచ్చు, కానీ వాళ్లు మన వాళ్లేనని గుర్తుపట్టాలంటే ఏ ఊరో ముందే తెలిసి ఉండాలి. చిక్కంతా అక్కడే.

పాస్‌పోర్టు కోసం వెతికేవాళ్ల సంగతి వేరు. తాత, అమ్మమ్మ తరంలో ఎవరైనా ఐర్లాండ్ ద్వీపంలో పుట్టి ఉంటే విదేశీ జననాల రిజిస్టరులో పేరు ఎక్కించుకుని పౌరసత్వం పొందొచ్చు. అంత దగ్గరి తరానికి జనన ధ్రువపత్రాలు మామూలుగానే దొరుకుతాయి. ఈ వ్యాసం అంతకన్నా వెనక్కి వెళ్లేవాళ్ల కష్టం గురించి.

'అన్నీ కాలిపోయాయి' అన్నది సగం నిజం

1922 జూన్‌లో ఐర్లాండ్‌లో అంతర్యుద్ధం మొదలైంది. బ్రిటన్‌తో కుదిరిన ఒప్పందాన్ని ఒప్పుకోని వర్గం డబ్లిన్‌లో ఫోర్ కోర్ట్స్ అనే న్యాయస్థానాల భవన సముదాయాన్ని ఆ ఏప్రిల్ నుంచే పట్టుకుని కూర్చుంది. జూన్ 28న కొత్త ప్రభుత్వ సైన్యం ఫిరంగులు పేల్చడం మొదలుపెట్టింది. 30న భారీ పేలుడు జరిగింది. ఆ సముదాయంలోనే ఉన్న ప్రభుత్వ రికార్డుల కార్యాలయం, అందులోని ఏడు శతాబ్దాల కాగితాలు మంటల్లో పోయాయి. కాలిన కాగితం ముక్కలు గాలికి ఎగిరి నగరమంతా పడ్డాయి. లోపలున్న వాళ్లు కావాలనే మందుపాతర పేల్చారని ఒక వాదన. కాదు, నిల్వ ఉంచిన మందుగుండుకి ఫిరంగి దాడి వల్ల నిప్పంటుకుందని ఇంకో వాదన. వందేళ్లు దాటినా ఆ తగువు తేలలేదు.

కాబట్టి 'అన్నీ ఆ రోజే పోయాయి' అనేది ప్రతి ఐరిష్ కుటుంబం నోట వినిపించే మాట. లెక్కపెట్టి చూస్తే అది పూర్తి నిజం కాదు. 1821 నుంచి 1891 దాకా పదేళ్లకోసారి ఎనిమిది జనగణనలు జరిగాయి. 1922 మంటల్లో పోయినవి మొదటి నాలుగు, అవి కూడా కొన్ని ముక్కలు మిగిలాయి. 1861, 1871 కాగితాలని లెక్కలు తీసేశాక ప్రభుత్వమే పారేసింది. 1881, 1891 కాగితాలని మొదటి ప్రపంచ యుద్ధంలో కాగితం కొరత వచ్చినప్పుడు గుజ్జు చేశారు. అంటే సగం నిప్పుకి పోతే, సగం గుమాస్తాల చేతుల మీదుగానే పోయాయి. పూర్తిగా మిగిలినవి 1901, 1911. ఆ రెండూ ఐర్లాండ్ జాతీయ ఆర్కైవ్స్ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. 1921లో స్వాతంత్ర్య పోరాటం జరుగుతోంది, జనగణనే జరగలేదు.

చర్చి రిజిస్టర్ల సంగతి ఇంకా విచిత్రం. చర్చ్ ఆఫ్ ఐర్లాండ్ అంటే అక్కడి ప్రొటెస్టంట్ చర్చి, ఒకప్పుడు ప్రభుత్వ అధికార మతం. దాని బాప్తిస్మ, పెళ్లి, సమాధి పుస్తకాలు ప్రభుత్వ ఆస్తి కింద లెక్క. భద్రంగా ఉంటాయని వాటిని డబ్లిన్‌కి తెప్పించారు, సగానికి పైగా అక్కడే బూడిదయ్యాయి. కాథలిక్ చర్చిని ప్రభుత్వం పట్టించుకోలేదు. దాని పుస్తకాలు ఊళ్లలో పాదిరిగారి బీరువాలోనే ఉండిపోయాయి, అందుకే బతికాయి. పేదల్లో అత్యధికులు కాథలిక్కులే కాబట్టి, అధికారం పట్టించుకోకపోవడమే వాళ్ల వారసులకి మేలు చేసింది.

పోయినదాన్ని తిరిగి కూర్చే పని కూడా జరుగుతోంది. ఆ భవనంలో ఏ గదిలో ఏమున్నాయో 1919లోనే ఒక జాబితా అచ్చయింది. దాన్ని పట్టుకుని, లండన్, బెల్‌ఫాస్ట్ వంటి చోట్ల ఉన్న నకళ్లని వెతికి, ట్రినిటీ కాలేజ్ డబ్లిన్ ఆధ్వర్యంలో వర్చువల్ రికార్డ్ ట్రెజరీ అనే డిజిటల్ భాండాగారాన్ని 2022 జూన్‌లో ప్రారంభించారు. మంచి పనే. కానీ నకలంటూ ఉంటేనే ఏదైనా తిరిగొస్తుంది. 1841లో కూలివాడి గుడిసెకి వెళ్లి గణకుడు నింపిన ఫారానికి నకలు ఎవరు రాసి పెడతారు?

'కౌంటీ కార్క్' అంటే సరిపోదు

ఐర్లాండ్‌లో చిరునామా మెట్లు ఇలా ఉంటాయి. నాలుగు ప్రావిన్సులు, వాటిలో 32 కౌంటీలు, కౌంటీలో బారనీలు, బారనీల్లో సివిల్ ప్యారిష్‌లు, అన్నిటికన్నా కింద టౌన్‌ల్యాండ్. పేరులో టౌన్ ఉన్నా అది పట్నం కాదు, మన అర్థంలో ఊరు కూడా కాదు. హద్దులున్న ఒక భూభాగం. కొన్నిట్లో నలభై ఇళ్లుంటాయి, కొన్నిట్లో ఒక్కటీ ఉండదు. దేశం మొత్తం మీద ఇవి 60,000కి పైనే. ఒక్క కార్క్ కౌంటీలోనే వేలల్లో ఉన్నాయి. జాన్ మర్ఫీ, కౌంటీ కార్క్ అని వెతకడం, గోదావరి జిల్లాల్లో వెంకటేశ్వరరావుగారి ఇల్లెక్కడ అని అడిగినట్టే. ఐర్లాండ్‌లో అన్నిటికన్నా ఎక్కువ కనిపించే ఇంటిపేరు మర్ఫీయే.

దీని మీద ఇంకో ముడి. కాథలిక్ ప్యారిష్, అంటే ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం, దాని హద్దులు, ప్రభుత్వ విభాగమైన సివిల్ ప్యారిష్ హద్దులు ఒకటి కావు. జనన మరణాల నమోదు జరిగేది మూడో రకం విభాగాల్లో, వాటి హద్దులు కౌంటీలని కూడా దాటేస్తాయి. ఒకే ఊరు రెవెన్యూకి ఒక మండలంలో, ఓటుకి ఇంకో నియోజకవర్గంలో ఉండటం చూసిన మనకి ఇది కొత్తేమీ కాదు.

పేర్లు మారడం కూడా మనకి తెలిసిందే. పాత కాగితాల్లో కింగ్స్ కౌంటీ అని ఉంటే అది ఇప్పటి ఆఫలీ, క్వీన్స్ కౌంటీ అంటే లీష్. 1849 నుంచి 1920 దాకా క్వీన్స్‌టౌన్ అని పిలిచిన రేవు ఇప్పటి కోవ్. లక్షల మంది ఆ రేవులోనే ఓడెక్కారు, కాబట్టి 'మా వాళ్లది కార్క్' అనే కుటుంబ కథల్లో కొన్ని నిజానికి 'కార్క్ రేవులో ఓడెక్కాం' అనే కథలు.

టౌన్‌ల్యాండ్ పేర్లు మొదట ఐరిష్ భాషవి. 19వ శతాబ్దంలో మ్యాపులు గీసిన సర్వే అధికారులు వాటిని ఇంగ్లీషు చెవికి వినపడ్డట్టు రాసుకున్నారు. బాలీ అంటే ఊరు, మన పల్లి, వాడ లాంటిది. నాక్ అంటే గుట్ట. కిల్ అంటే చర్చి కావొచ్చు, అడవి కూడా కావొచ్చు, ఎందుకంటే ఐరిష్‌లో వేర్వేరుగా పలికే రెండు మాటలు ఇంగ్లీషు రాతలో ఒకే అక్షరాల కిందికి వచ్చాయి. బోస్టన్‌లోనో సిడ్నీలోనో ఇంకో గుమాస్తా ఆ పేరుని మళ్లీ తనకి తోచినట్టు రాశాడు. కాబట్టి అమెరికా కాగితంలో ఉన్న ఊరి పేరుని అక్షరాల్లో కాదు, పలికి చూసి వెతకాలి.

శిస్తు పుస్తకాల్లో మిగిలిన మనుషులు

జనగణన లేనప్పుడు దానికి బదులు పనికొచ్చేవి పన్ను కాగితాలు. రాజ్యం మనిషిని మర్చిపోయినా శిస్తుని మర్చిపోదు కదా.

మొదటిది 1823 నుంచి 1837 మధ్య తయారైన టైథ్ పుస్తకాలు. చర్చ్ ఆఫ్ ఐర్లాండ్ పోషణ కోసం ఏ మతం రైతైనా పన్ను కట్టాలి, దానికోసం సాగుదార్ల జాబితా రాశారు. పట్నాలు ఇందులో లేవు. సెంటు భూమి లేని కూలీలూ లేరు.

రెండోది, అందరూ ముందుగా తెరిచేది, గ్రిఫిత్ వాల్యుయేషన్. రిచర్డ్ గ్రిఫిత్ అనే అధికారి నడిపిన ఆస్తి మదింపు ఇది, 1847 నుంచి 1864 వరకు అచ్చయింది. మన అడంగల్ చూసినవాళ్లకి ఆ పేజీ వెంటనే అర్థమవుతుంది. మ్యాపులో నంబరు, అనుభవదారు పేరు, అతను ఎవరి దగ్గర కౌలుకి తీసుకున్నాడు, ఇల్లా పొలమా, విస్తీర్ణం ఎంత, విలువ ఎంత. ఒకే టౌన్‌ల్యాండ్‌లో ఇద్దరు జాన్ మర్ఫీలు ఉంటే మదింపు చేసినవాడు బ్రాకెట్‌లో తండ్రి పేరు పెట్టేవాడు: జాన్ మర్ఫీ (టామ్), జాన్ మర్ఫీ (కాన్). మన ఊళ్లలో పొట్టి వెంకటేశు, చెరువుగట్టు వెంకటేశు అన్నట్టే. అచ్చు పుస్తకంలో ఆ బ్రాకెట్ కనిపించగానే వెతికేవాడి గుండె ఒక్కసారి గంతేస్తుంది, ఒకే మాటలో ఒక తరం వెనక్కి వెళ్లిపోతాం కాబట్టి.

గ్రిఫిత్ తర్వాత కూడా అధికారులు చేతిరాత పుస్తకాల్లో మార్పులు రాస్తూ వచ్చారు. పాత అనుభవదారు పేరు కొట్టేసి, కొత్త పేరు వేరే రంగు సిరాతో రాసి, పక్కన సంవత్సరం వేసేవారు. తిమొతీ పేరు కొట్టేసి డేనియల్ పేరు రాశారంటే తిమొతీ పోయి ఉండొచ్చు, వలస వెళ్లి ఉండొచ్చు, కొడుక్కి అప్పగించి ఉండొచ్చు. కారణం మాత్రం రాయరు.

ఈ పుస్తకాలతో ఒక ప్రమాదం ఉంది. బంగాళాదుంప తెగులుతో వచ్చిన మహా కరువు 1845 నుంచి 1852 దాకా సాగింది. సుమారు 10 లక్షల మంది చనిపోయారు, ఇంకో 10 లక్షల మందికి పైగా దేశం వదిలారు. గ్రిఫిత్ మదింపు దక్షిణాన ముందు జరిగి, ఉత్తరాన అల్స్టర్‌లో చివర జరిగింది. 1847లో వెళ్లిపోయిన కుటుంబం చాలా కౌంటీల్లో మదింపు మొదలయ్యేసరికే లేదు. కాబట్టి గ్రిఫిత్‌లో మన పేరు దొరికితే అది మనవాళ్లే అనుకోవడం తొందరపాటు. ఒక్కోసారి ఆ పేరు కనిపించకపోవడమే సరైన ఊరికి గుర్తు.

పాదిరి చేతిరాత, లాటిన్ పేర్లు

కాథలిక్ రిజిస్టర్లని ఐర్లాండ్ జాతీయ గ్రంథాలయం మైక్రోఫిల్మ్ తీయించి, 2015లో ఉచితంగా ఇంటర్నెట్‌లో పెట్టింది. ఎక్కువగా 1880 దాకా ఉంటాయి. ఎక్కడ మొదలవుతాయన్నది అదృష్టం. కొన్ని పట్నాల్లో 18వ శతాబ్దం మధ్య నుంచే ఉన్నాయి. పడమటి తీరంలో చాలా ప్యారిష్‌లలో 1820ల తర్వాతే. కరువుకి ముందు పుట్టిన చాలామందికి అసలు పుస్తకమే లేదన్నమాట.

ఉన్నచోట ఒక్కో పద్దు ఒక్క వరసే: తేదీ, బిడ్డ పేరు, తండ్రి, పుట్టింటి పేరుతో సహా తల్లి, ఇద్దరు జ్ఞాన తల్లిదండ్రులు (బాప్తిస్మం అప్పుడు బిడ్డకి పెద్దలుగా నిలబడేవాళ్లు), అదృష్టం బాగుంటే టౌన్‌ల్యాండ్. తల్లి పుట్టింటి పేరు రాయడం మనకి గొప్ప వరం. పేర్లు మాత్రం లాటిన్‌లో ఉండొచ్చు. జేమ్స్ జాకోబస్ అవుతాడు, విలియం గులియెల్మస్ అవుతాడు. ఇంట్లో ఐరిష్‌లో డియర్‌ముద్ అని పిలుచుకున్నవాడు చర్చిలో జెరమయ్య, అమెరికాలో డార్బీ. బ్రిడ్జెట్ అక్కడికి వెళ్లి డీలియా అయిపోతుంది. అధికారులు ఎల్లిస్ ఐలాండ్‌లో పేర్లు మార్చేశారనే కథ చాలా ఇళ్లలో ఉంది గానీ, అక్కడి ఇన్‌స్పెక్టర్లు చూసింది బయల్దేరిన రేవులో తయారైన జాబితానే. పేర్లు ఎక్కువగా మార్చుకుంది వలసవచ్చినవాళ్లే, నెమ్మదిగా, వాళ్ల అవసరం కొద్దీ. ఇంటిపేరు ముందు 'ఓ' అంటే మనవడి వంశం, 'మాక్' అంటే కొడుకు. ఇంగ్లీషు పాలనలో చాలామంది వీటిని వదిలేశారు, 19వ శతాబ్దం చివర మళ్లీ పెట్టుకున్నారు. సల్లివాన్, ఓ సల్లివాన్ అన్నదమ్ములే కావొచ్చు.

ప్రభుత్వ జనన నమోదు అందరికీ మొదలైంది 1864లో. ఆ తర్వాత కూడా తమాషాలు ఉంటాయి. ఆలస్యంగా నమోదు చేస్తే జరిమానా, అందుకని తల్లిదండ్రులు బిడ్డ అసలు తేదీ కన్నా తర్వాత పుట్టినట్టు చెప్పేవారు. ఫలితంగా చర్చి పుస్తకం ప్రకారం బిడ్డకి బాప్తిస్మం ముందు జరుగుతుంది, ప్రభుత్వ పుస్తకం ప్రకారం బిడ్డ తర్వాత పుడుతుంది. ఇలాంటప్పుడు చర్చి తేదీనే నమ్మాలి.

పింఛను వచ్చి వయసులు పెంచింది

1909 జనవరి 1 నుంచి 70 ఏళ్లు దాటినవాళ్లకి వారానికి 5 షిల్లింగుల వృద్ధాప్య పింఛను ఇవ్వడం మొదలైంది. ఐర్లాండ్‌లో అప్పటి ముసలివాళ్లు పుట్టింది 1864కి ముందు, జనన ధ్రువపత్రం ఎవరి దగ్గరుంటుంది? అందుకని ఒక ప్రశ్న పుట్టింది: పెద్ద గాలివాన రాత్రి నీకు గుర్తుందా? 1839 జనవరి 6 రాత్రి ఐర్లాండ్‌ని అతలాకుతలం చేసిన తుఫాను అది. ఆ రాత్రి బంగాళాదుంప చేత్తో పట్టుకుని తిన్నాననే మాట వందల నోళ్లలో వినపడిందట. దివిసీమ ఉప్పెనకి నేను చంకబిడ్డనని చెప్పే మన పెద్దవాళ్లు ఉన్నారు కదా, అదే లెక్క.

అప్పటికి 1841, 1851 జనగణన కాగితాలు ఇంకా కాలలేదు. పింఛను కోరినవాళ్లు తల్లిదండ్రుల పేర్లు, టౌన్‌ల్యాండ్ రాసిస్తే గుమాస్తాలు ఆ కాగితాలు తీసి చూసి, దొరికింది లేదా దొరకలేదు అని రాసేవారు. అసలు జనగణన 1922లో పోయింది, ఈ వెతుకులాట ఫారాలు మిగిలాయి. పోయిన పుస్తకంలోని ఒక్కో వరస ఇలా పింఛను కాగితం రూపంలో బతికి ఉంది. ఇంకో విషయం. 1901లో 55 ఏళ్లని చెప్పినవాడు 1911లో 71 అని రాయించడం చాలా చోట్ల కనిపిస్తుంది. అదే పేరు, అదే ఇల్లు, అదే భార్య, పదేళ్లలో పదహారేళ్లు. అతను వేరే మనిషి అనుకుని పక్కన పెట్టేస్తే మనమే నష్టపోతాం.

అసలు కాగితం చాలాసార్లు అవతలి ఒడ్డున ఉంటుంది

చాలామంది చేసే పొరపాటు నేరుగా ఐర్లాండ్ రికార్డుల్లో దూకడం. టౌన్‌ల్యాండ్ పేరు దొరికే అవకాశం వలసవచ్చిన దేశంలోనే ఎక్కువ. ఏ దేశం అన్నదాన్ని బట్టి కూడా ఫలితం మారుతుంది. ఇంగ్లండ్ వెళ్లిన వాళ్లకి జనగణనలో చాలాసార్లు ఐర్లాండ్ అన్న ఒక్క మాటే ఉంటుంది. ఆస్ట్రేలియా వెళ్లిన వాళ్లు అదృష్టవంతులు. న్యూ సౌత్ వేల్స్‌లో 1856 నుంచి మరణ ధ్రువపత్రంలో తల్లిదండ్రుల పేర్లు, పుట్టినచోటు, కాలనీకి వచ్చి ఎన్నేళ్లయింది, పిల్లల పేర్లు అన్నీ రాసేవారు. కరువు కాలంలో ఐర్లాండ్ వర్క్‌హౌస్‌ల నుంచి, అంటే దిక్కులేని వాళ్ల ఆశ్రమాల నుంచి, 1848–50 మధ్య 4,000కి పైగా అనాథ ఆడపిల్లల్ని ఆస్ట్రేలియా పంపారు. వాళ్ల వివరాలు ఓడల జాబితాల్లో తల్లిదండ్రుల పేర్లతో సహా ఉన్నాయి.

అమెరికాలో రెండు చోట్ల మంచి సరుకు ఉంది. ఒకటి, 1850లో న్యూయార్క్‌లో ఐరిష్ వలసదార్ల కోసం పెట్టిన ఎమిగ్రెంట్ సేవింగ్స్ బ్యాంక్. ఖాతాదారుల్లో సంతకం రానివాళ్లు ఎక్కువ, కాబట్టి డబ్బు తీసుకోవడానికి వచ్చినవాడు అసలు మనిషేనా అని పట్టుకోవడానికి ముందే ప్రశ్నలు అడిగి రాసిపెట్టుకునేవారు. ఏ కౌంటీ, ఏ ప్యారిష్, ఏ ఓడలో వచ్చావు, తల్లి పుట్టింటి పేరేంటి, అక్కచెల్లెళ్లు ఎక్కడున్నారు. ఇప్పటి బ్యాంకులు ఫోన్లో అడిగే సెక్యూరిటీ ప్రశ్నలకి తాతలన్నమాట. బ్యాంకు తన జాగ్రత్త కోసం రాసుకున్నది వారసులకి నిధి అయింది. రెండోది, బోస్టన్ పైలట్ పత్రికలో 1831 నుంచి 1921 వరకు వచ్చిన తప్పిపోయినవాళ్ల ప్రకటనలు. ఫలానా టౌన్‌ల్యాండ్‌కి చెందిన నా తమ్ముడు ఫలానా ఏడాది ఫలానా రేవులో దిగాడు, జాడ తెలిసినవాళ్లు చెప్పండి, అని అక్కలు, భార్యలు డబ్బులిచ్చి వేయించినవి.

ఒబామా ఉదాహరణ ఇక్కడ బాగా పనికొస్తుంది. ఆయన తల్లి వైపు అయిదు తరాల వెనకటి పూర్వీకుడు ఫాల్మౌత్ కర్నీ, ఆఫలీ కౌంటీలోని మనీగాల్ అనే చిన్న ఊళ్లో చెప్పులు కుట్టే కుటుంబంలో పుట్టి 1850లో అమెరికా చేరాడు. అది దొరకడానికి మూడు విషయాలు కలిసొచ్చాయి. అమెరికా వైపు కాగితాలు ముందే గట్టిగా కూడాయి. పేరు జాన్ కాదు, ఫాల్మౌత్, అలాంటి పేరు వెయ్యి మందిలో ఒకడికి కూడా ఉండదు. మూడోది, ఆ కుటుంబం చర్చ్ ఆఫ్ ఐర్లాండ్‌కి చెందింది. వాళ్ల ప్యారిష్ పుస్తకం స్థానికంగానే ఉండిపోయింది, 2007లో అక్కడి పాదిరి దాన్ని తీసి చూశాడు. అది డబ్లిన్ వెళ్లి ఉంటే 2011 మేలో అధ్యక్షుడు ఆ ఊరి వీధిలో నడిచేవాడే కాదు. అయితే అయిదు తరాల వెనక్కి వెళ్తే ఎవరికైనా 32 మంది పూర్వీకులు ఉంటారు. కర్నీ ఆ 32 మందిలో ఒకడు, అంతే.

మద్రాసు దారిలో వెళ్లినవాళ్లు

అవతలి ఒడ్డు అంటే అమెరికా ఒక్కటే కాదు. 1857కి ముందు ఈస్టిండియా కంపెనీ యూరోపియన్ దళాల్లో ఐరిష్‌వాళ్లు పెద్ద సంఖ్యలో ఉండేవారు. కంపెనీ మద్రాసు యూరోపియన్ రెజిమెంటు తర్వాత రాణి సైన్యంలో కలిసి, 1881లో రాయల్ డబ్లిన్ ఫ్యూజిలియర్స్ మొదటి బెటాలియన్ అయింది. ఆ రెజిమెంటు యుద్ధ గౌరవాల్లో కాండోర్ అనే పేరు ఉంటుంది. అది 1758లో కాకినాడ దగ్గర జరిగిన చందుర్తి యుద్ధమే.

సైనికుడిగా చేరినవాడు పుట్టినచోటు, వయసు, చేసిన పని రాయించాలి. మద్రాసు ప్రెసిడెన్సీలో తెల్లవాళ్ల బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధుల నకళ్లు లండన్‌కి పంపేవారు, అవి బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. సికింద్రాబాద్ కంటోన్మెంటులో పెళ్లాడిన ఐరిష్ సిపాయి పేరు ఇలా దొరకొచ్చు. ఊళ్లోనే ఉండి దుంపలు పండించుకున్న అతని అన్న మాత్రం ఏ కాగితం మీదా లేకుండా పోయి ఉండొచ్చు. దేశం దాటి వచ్చిన పేదవాడికి ఒక్కోసారి ఇంట్లో ఉన్నవాడికన్నా ఎక్కువ చరిత్ర మిగిలింది.

డీఎన్ఏ గురించి రెండు వాదనలు

కాగితాలు లేవు కాబట్టి డీఎన్ఏ టెస్టే దిక్కు అనేవాళ్లు ఉన్నారు. వాళ్ల మాటలో బలం ఉంది. ఒకే టౌన్‌ల్యాండ్ నుంచి ఒకరు బోస్టన్‌కి, ఒకరు మెల్‌బోర్న్‌కి వెళ్తే, ఇద్దరి వారసులకి డీఎన్ఏ కలిసి, మెల్‌బోర్న్ వాళ్ల దగ్గర ఊరి పేరున్న కాగితం ఉంటే, బోస్టన్ వాళ్లకి కూడా దారి దొరుకుతుంది. ఏ ఆర్కైవ్ కూడా ఇవ్వలేని సాక్ష్యం ఇది.

అనుమానించేవాళ్ల వాదన కూడా తీసెయ్యదగ్గది కాదు. అయిదు తరాల వెనకటి ఒక పూర్వీకుడి నుంచి మనకి సగటున వచ్చేది 3 శాతం డీఎన్ఏ. ఆ పైన ఐర్లాండ్ పడమటి ప్యారిష్‌లలో వంద రెండొందల ఏళ్లు అవే అయిదారు కుటుంబాలు వియ్యమందుకున్నాయి. అక్కడ ఇద్దరికి డీఎన్ఏ కలిసిందంటే ఏదో దారిలో చుట్టాలన్నట్టు, ఏ దారో మాత్రం చెప్పలేం. మేనరికాలు తెలిసిన మనకి ఈ చిక్కు విడమరిచి చెప్పక్కర్లేదు. ఇంకా వెనక్కి వెళ్లే హామీల్ని మరీ జాగ్రత్తగా చూడాలి. వాయవ్య ఐర్లాండ్ మగవాళ్లలో సుమారు అయిదింట ఒకరికి ఉన్న, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే ఒక వై క్రోమోజోమ్ గుర్తుని 2006లో ట్రినిటీ పరిశోధకులు అయిదో శతాబ్దపు నియల్ రాజు వంశంతో ముడిపెట్టారు. ఆ గుర్తు అంతకన్నా కొన్ని శతాబ్దాలు పాతదని తర్వాతి లెక్కలు చెబుతున్నాయి. రాజుగారి వారసత్వం పేరుతో కిట్లు అమ్మినవాళ్లకి మాత్రం నష్టం రాలేదు.

నా లెక్కలో డీఎన్ఏ కాగితానికి పోటీ కాదు. మిగిలిన ఇద్దరు ముగ్గురు అభ్యర్థుల్లో ఎటు మొగ్గాలో చెప్పే మొగ్గు రాయి.

ఒక మర్ఫీ కుటుంబం: మొదటి నుంచి చివరి దాకా

ఇదంతా కలిపితే ఎలా ఉంటుందో ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. బోస్టన్‌లో ఉన్న ఒక కుటుంబానికి తెలిసింది ఒక్కటే: ముత్తాత జాన్ మర్ఫీ, కార్క్ నుంచి, కరువు కాలంలో.

మసాచుసెట్స్‌లో 1841 నుంచే జనన, వివాహ, మరణాల నమోదు ఉంది. జాన్ 1858 పెళ్లి పద్దులో తండ్రి తిమొతీ, తల్లి హొనోరా. మరణ పద్దులో తల్లి పుట్టింటి పేరు ఉండాల్సినచోట తెలియదు అని ఉంది, వివరాలు చెప్పింది అల్లుడు మరి. ఇక్కడితో ఐర్లాండ్ వెళ్తే మునిగిపోతారు. కాబట్టి జాన్‌ని వదిలి అతని చెల్లెలు మేరీని పట్టుకున్నారు. ఆమె సమాధి రాయి మీద పశ్చిమ కార్క్‌లో ఒక ప్యారిష్ పేరు చెక్కి ఉంది. ఒక్క రాయితో కౌంటీ కాస్తా ప్యారిష్ అయింది.

ఆ ప్యారిష్ పుస్తకంలో జాన్ మర్ఫీలు ఏడుగురు. వాళ్లలో తండ్రి తిమొతీ, తల్లి హొనోరా ఉన్నవాళ్లు ఇద్దరు. 1829లో ఒకడు, తల్లి హొనోరా లియరీ. 1832లో ఇంకొకడు, తల్లి హొనోరా సల్లివాన్. బోస్టన్ కాగితాల్లో జాన్ వయసు ఒకచోట 1830కి, ఇంకోచోట 1833కి సరిపోతుంది, కాబట్టి వయసుతో తేలదు. రెండు ఇళ్లలోనూ మేరీ అనే చెల్లెలుంది, అదీ తేల్చదు.

అప్పుడు చుట్టూ ఉన్నవాళ్లని చూశారు. బోస్టన్‌లో జాన్ మొదటి బిడ్డకి జ్ఞాన తండ్రి కార్నీలియస్ లియరీ. లియరీ ఇంటి జాన్‌కి ఐర్లాండ్‌లో జ్ఞాన తల్లి కూడా ఒక లియరీయే. ఐరిష్ ఆచారం ప్రకారం పెద్ద కొడుక్కి నాన్న నాన్న పేరు, రెండో కొడుక్కి అమ్మ నాన్న పేరు పెడతారు. జాన్ పెద్ద కొడుకు తిమొతీ, కానీ ఇద్దరు జాన్‌లకీ తండ్రి తిమొతీయే, దాంతో ఒరిగిందేమీ లేదు. గ్రిఫిత్ పుస్తకంలో ఆ ప్యారిష్‌లో ఇద్దరు తిమొతీ మర్ఫీలు ఉండాలి, ఉన్నది ఒక్కడే, తిమొతీ మర్ఫీ (కాన్), 12 ఎకరాలు. రెండో అతను మదింపుకి ముందే పోయాడో, వెళ్లిపోయాడో. మిగిలిన ఆ తిమొతీ లియరీల అల్లుడా, సల్లివాన్‌ల అల్లుడా అన్నది ఆ పేజీ చెప్పదు.

చివరికి డీఎన్ఏ తీయించారు. ఆస్ట్రేలియాలో లియరీ వంశస్థురాలు ఒకామెతో చిన్న భాగం కలిసింది. సల్లివాన్‌ల వైపు ఎవరూ కలవలేదు, కానీ ఆ వైపు వాళ్లు టెస్టు చేయించుకున్నట్టు కూడా లేదు. పైగా ఆ ప్యారిష్‌లో లియరీలు మర్ఫీలకి ఇంకో రెండు దారుల్లో కూడా వియ్యాలవారు.

లియరీ వైపు మొగ్గు ఉంది, రుజువు లేదు. కుటుంబం వాళ్లు వంశవృక్షం చార్టులో జాన్ దాకా పెన్నుతో రాసి, అతని తల్లి గడిలో హొనోరా అని పెన్నుతో, పక్కన లియరీ అని పెన్సిల్‌తో రాసుకున్నారు.